ఊరి నీళ్లు: బోరు, ట్యాంకు, కొళాయి – మీ ప్రశ్నలు, మా జవాబులు

చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం తాగునీటి గురించే. ఒకే రకం ప్రశ్నలను కలిపాం, పొడుగాటి వాటిని కుదించాం. పేర్లు, ఊర్ల పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: మా ఊళ్లో 150 ఇళ్లు. ఒకటే బోరు, 5 హెచ్.పి. సబ్‌మెర్సిబుల్ మోటారు. నిరుడు ట్యాంకు నిండి పొర్లేది. ఇప్పుడు సగానికే ఆగిపోతోంది. 1,200 అడుగుల కొత్త బోరు వేయిద్దామని వార్డు సభ్యులు పట్టుబడుతున్నారు. వేయించమంటారా?
– సర్పంచ్, పలమనేరు మండలం

జవాబు: ఇప్పుడే వద్దు సర్పంచ్ గారూ. ట్యాంకులో నీళ్లు తగ్గాయంటే బోరు ఎండిందనే కాదు. ముందు కొలవండి. బోరు దగ్గర డెలివరీ పైపు విప్పి 200 లీటర్ల డ్రమ్ము పెట్టి, నిండడానికి ఎంతసేపు పడుతుందో ఫోన్‌లో చూడండి. రెండు నిమిషాలకు నిండితే గంటకు 6,000 లీటర్లు వస్తున్నట్టు. రెండున్నర నిమిషాలు పడితే 4,800. మోటారు వేసిన అయిదు నిమిషాలకు ఒకసారి, గంటన్నర నడిచాక ఇంకోసారి కొలిచి రెండూ రాసిపెట్టండి. స్టార్టర్ మీది ఆంప్స్, ఓల్టులు కూడా పక్కనే రాయండి.

ఈ నాలుగు అంకెలు చాలావరకు సంగతి చెప్పేస్తాయి. మొదట బాగా వచ్చి, గంట తర్వాత ధార సన్నబడి, గాలితో కలిసి దగ్గుతున్నట్టు వస్తూ, ఆంప్స్ కూడా పడిపోతుంటే బోరులో మట్టం నిజంగానే పంపు దాకా దిగిందని అర్థం. మొదటి నుంచీ చివరి దాకా ఒకే తీరుగా తక్కువ వస్తుంటే బోరును అనుమానించకండి. పంపులో నీళ్లను నెట్టే చక్రాలు (ఇంపెల్లర్లు) అరిగి ఉంటాయి, లేదా నీళ్లు పైకి తెచ్చే కాలమ్ పైపుకు ఎక్కడో చిల్లు పడి ఉంటుంది. మోటారు ఆపాక బోరు మూతి దగ్గర చెవి పెట్టి వినండి. లోపల నీళ్లు జారుతున్న చప్పుడు వస్తే పైపుకు చిల్లో, నీళ్లు వెనక్కి జారకుండా ఆపే నాన్‌రిటర్న్ వాల్వు పాడైందో ఏదో ఒకటి. మోటారు వేశాక పైకి నీళ్లు రావడానికి మునుపటికన్నా ఎక్కువసేపు పడుతున్నా అదే జబ్బు. ఓల్టేజీ బాగా తగ్గి ఆంప్స్ పెరిగితే తప్పు కరెంటుది. ఆ స్థితిలో మోటారు నడిపితే వైండింగ్ కాలుతుంది.

బోరుదే తప్పని తేలినా లోతు ఒక్కటే మందు కాదు. మన వైపు నేల కింద ఉన్నది రాయి. నీళ్లుండేది పైనున్న మెత్తటి రాతి పొరలో, దాని కింద రాతి పగుళ్లలో. సాధారణంగా లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గుతాయి. 1,200 అడుగుల్లో నీళ్లు పడకూడదని కాదు, పడతాయన్న హామీ లేదు. పడినా కరెంటు ఖర్చు చూడండి: వెయ్యి లీటర్లను 100 మీటర్ల ఎత్తుకు తోడటానికి మామూలు పంపుకు సుమారు 0.6 యూనిట్లు కావాలి. అదే 300 మీటర్లయితే 1.8 యూనిట్లు. మీ ఊరికి ఇంటికి నలుగురు, మనిషికి రోజుకు 55 లీటర్లు (2019లో మొదలైన కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ పెట్టిన లెక్క ఇదే) చొప్పున 33,000 లీటర్లు కావాలి. అంటే రోజుకు 20 యూనిట్లతో పోయేది 60 యూనిట్లు అవుతుంది. బోరు వేయించే డబ్బు ఒకసారి గ్రాంటులో రావచ్చు, కరెంటు బిల్లు మాత్రం ప్రతి నెలా పంచాయతీకే వస్తుంది.

కాబట్టి ముందు చేయాల్సినవి: ఏకబిగిన నడపకుండా రెండు గంటలు నడిపి గంట ఆపండి. పగుళ్లలో నీళ్లు ఊరడానికి ఆ వ్యవధి కావాలి. నీళ్లు అయిపోతే మోటారును ఆపేసే డ్రై రన్ రిలే లేకపోతే పెట్టించండి. సబ్‌మెర్సిబుల్ మోటారు తన చుట్టూ పారే నీళ్లతోనే చల్లబడుతుంది, నీళ్లు లేకుండా తిరిగితే బేరింగులు, వైండింగ్ రెండూ పోతాయి. ఈసారి పంపు పైకి తీసినప్పుడు కాలమ్ పైపు వెంట అరంగుళం హెచ్.డి.పి.ఇ. పైపు కట్టి దించండి. అందులోంచి మట్టం కొలిచే తీగ దించి నెలకోసారి, తెల్లవారుజామున మోటారు వేయకముందే మట్టం రాసుకోవచ్చు. రెండేళ్ల మట్టాలు కాగితం మీద ఉన్న ఊరికి ఏ బోరు ఎప్పుడు చేతులెత్తేస్తుందో ముందే తెలుస్తుంది.

ఇంకొక సంగతి. మీ బోరుకు దగ్గర్లో కొత్తగా సేద్యపు బోర్లు పడ్డాయేమో చూడండి. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం ప్రజలు వాడే తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా కొత్త బోరు వేయకూడదు. చాలా ఊళ్లలో ఈ సంగతి బోరు బండి వచ్చి వెళ్లాకే గుర్తొస్తుంది. గ్రామసభలో తీర్మానం చేసి, తాగునీటి బోరు చుట్టూ 250 మీటర్ల లోపల ఉన్న సర్వే నంబర్లను పంచాయతీ బోర్డు మీద రాయించి పెట్టండి.

ప్రశ్న: 40,000 లీటర్ల ట్యాంకుకు బ్లీచింగ్ పౌడర్ ఎంత వేయాలి? నేను రెండు గుప్పిళ్లు వేస్తున్నాను. వాసనొస్తోందని కొందరు తిడుతున్నారు, వేయకపోతే పై అధికారులు తిడుతున్నారు.
– వాటర్‌మన్, పూతలపట్టు మండలం

జవాబు: గుప్పిడి లెక్క వదిలేయండి అన్నా. లెక్క ఇది: ట్యాంకులోని లీటర్లను, లీటరుకు వేయదలచిన క్లోరిన్ మిల్లీగ్రాములతో హెచ్చించి, పౌడర్‌లో ఉన్న క్లోరిన్ శాతానికి పది రెట్లతో భాగించాలి. వచ్చేది గ్రాములు. తాజా పౌడర్‌లో 33 శాతం దాకా క్లోరిన్ ఉంటుంది. మన ఎండలకు, గోదాములో గడిపిన నెలలకు 25 శాతమే ఉందనుకోవడం మేలు. లీటరుకు 1 మిల్లీగ్రాము వేయాలంటే 40,000 × 1 ÷ 250 = 160 గ్రాములు. కిరాణా కొట్టు తరాజులో ఒకసారి 160 గ్రాములు తూయించి, ఒక ప్లాస్టిక్ గ్లాసులో పోసి, ఎంతవరకు వచ్చిందో అక్కడ గీత పెట్టుకోండి. రోజూ తూచే పని ఉండదు. కొత్త బస్తా విప్పినప్పుడు మాత్రం మళ్లీ తూచండి.

పొడిని నేరుగా ట్యాంకులో చల్లకండి. ప్లాస్టిక్ బకెట్‌లో కొద్ది నీళ్లతో ముద్దలా కలిపి, తర్వాత బకెట్ నిండా నీళ్లు పోసి బాగా తిప్పి, అరగంట కదపకుండా ఉంచండి. సున్నం అడుగున పేరుకుంటుంది. పైనున్న తేట మాత్రమే ట్యాంకులో పోయాలి. సున్నం కూడా పోస్తే అది అడుగున గట్టిపడి, వాల్వుల్లో, ఇంటి కొళాయిల్లో చేరుతుంది. ట్యాంకు పావు వంతు నిండినప్పుడు పోయండి, ఆ తర్వాత పడే నీళ్లే దాన్ని కలిపేస్తాయి. నిండాక కనీసం అరగంట ఆగి వాల్వు తిప్పాలి. ట్యాంకు నింపుతూనే ఊరికి నీళ్లు వదిలే చోట్ల మొదటి వీధికి వాసన ఎక్కువ, చివరి వీధికి క్లోరినే లేని పరిస్థితి వచ్చేది ఈ అరగంట లేకనే.

వేసింది సరిపోయిందా లేదా చెప్పేది ముక్కు కాదు, నీళ్లలో మిగిలిన క్లోరిన్ కొలిచే క్లోరోస్కోప్. ట్యాంకు దగ్గరి కొళాయిలో లీటరుకు 0.5, చిట్టచివరి ఇంట్లో కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలి. ఆర్థోటోలిడిన్ ద్రావకం వేస్తే పసుపు రంగు వస్తుంది, డి.పి.డి. మాత్ర వేస్తే గులాబీ రంగు వస్తుంది. ఆర్థోటోలిడిన్ ఒంటికి మంచిది కాదు కాబట్టి దొరికితే డి.పి.డి. వాడండి, పరీక్ష చేసిన నీళ్లు పారబోయండి. చివరి ఇంట్లో 0.2 రాకపోతే 160ని 200 చేయండి, మర్నాడు మళ్లీ చూడండి. 0.8, 1 వస్తుంటే తగ్గించండి.

వాసన సంగతి: మురికి ఎక్కువ ఉన్న నీళ్లలో క్లోరిన్ తక్కువ వేసినా ఘాటు వాసన వస్తుంది. అంటే వాసనొస్తే ఎక్కువైందని కాదు. ఒక్కోసారి ట్యాంకు కడగాల్సిన సమయమైందని. క్లోరిన్ సరిగా ఉండి కూడా వాసన నచ్చని ఇంటివాళ్లకు బిందె మీద శుభ్రమైన బట్ట కట్టి అరగంట ఉంచి వాడుకోమని చెప్పండి. బ్లీచింగ్ బస్తాను స్టార్టర్ ఉన్న గదిలో పెట్టొద్దు. ఆవిరికి కాంటాక్టులు తుప్పు పడతాయి. మూత గట్టి ప్లాస్టిక్ డ్రమ్ములో, నీడన ఉంచి, బస్తా మీద తయారీ తేదీ చూసి మూడు నెలలకు సరిపడానే కొనిపించండి.

ప్రశ్న: ట్యాంకు కడిగేటప్పుడు గోడల మరకలు పోవడానికి యాసిడ్ వాడొచ్చా?
– అదే వాటర్‌మన్

జవాబు: వద్దు. యాసిడ్‌కు బ్లీచింగ్ తగిలితే క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసిన ట్యాంకులో అది ప్రాణం తీస్తుంది. ముందు రోజు ఎండకు మూతలన్నీ తెరిచి ఉంచండి. స్కౌర్ వాల్వు తిప్పి అడుగు నీళ్లు వదిలి, నైలాన్ బ్రష్షుతో రుద్ది, కడిగిన నీళ్లు కూడా స్కౌర్ ద్వారానే పంపండి, ఊరి లైనులోకి పోనివ్వొద్దు. చివరగా 10 లీటర్ల బకెట్‌కు 8 గ్రాముల బ్లీచింగ్ తేటతో గోడలు తడిపి, అరగంట ఆగి, మళ్లీ కడిగి నింపండి. ఒక్కరే ఎప్పుడూ లోపలికి దిగకండి. పైన ఒక మనిషి ఉండాలి, తాడు ఉండాలి. కడిగిన తేదీ ట్యాంకు స్తంభం మీద రాయండి. కడగకుండా తేదీ మాత్రం మార్చే ఊళ్లు ఉన్నాయని మాకు తెలుసు.

ప్రశ్న: మా కాలనీ లైను చివర ఉంది. 40 ఇళ్లు. పై వీధుల్లో మిద్దెల మీది ట్యాంకులు నిండి కారుతుంటాయి, మాకు బిందె నిండేసరికి నీళ్లు ఆగిపోతాయి. అడిగితే "మీరు పల్లంలో ఉన్నారు, నీళ్లు మీకే ఎక్కువ రావాలి కదా" అంటున్నారు. నిజమేనా?
– ఒక గృహిణి, వెదురుకుప్పం మండలం

జవాబు: పల్లంలో ఉంటే ప్రెషర్ ఎక్కువ ఉండాలన్నది పైపులో నీళ్లు కదలకుండా ఉన్నప్పటి మాట. నీళ్లు పారుతున్నప్పుడు మీ దాకా ఎంత వస్తుందో తేల్చేది మధ్యలో ఎందరు తీసుకున్నారు, పైపు ఎంత లావు అన్నవే.

మీ లైను 63 మిల్లీమీటర్ల పైపు అనుకుందాం. అది సాఫీగా మోసేది నిమిషానికి సుమారు 140 లీటర్లు. 40 ఇళ్లూ ఒకేసారి కొళాయి తిప్పితే ఇంటికి నిమిషానికి మూడున్నర లీటర్లు. నలుగురున్న ఇంటికి రోజుకు 220 లీటర్లు కావాలంటే, పైన ఎవరూ తీయకపోయినా, గంటా అయిదు నిమిషాలు వదలాలి. మీకు అరగంట వదులుతుంటే ఆ లెక్కలోనే సగం తగ్గింది. పై వీధుల వాళ్లు కొళాయికి మోటారు తగిలిస్తే మిగతా సగమూ పోయింది.

అందుకని పోట్లాటకు ముందు ఒక కాగితం తయారు చేయండి. ఒకే రోజు, ఒకే సమయానికి లైను మొదటి ఇంట్లో, మధ్య ఇంట్లో, చివరి ఇంట్లో 15 లీటర్ల బిందె నిండడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాయండి. నీళ్లు ఎప్పుడొచ్చాయి, ఎప్పుడాగాయి అన్నదీ రాయండి. ఇలా వారం రోజులు. మొదటి ఇంట్లో ఒక నిమిషం, మీకు ఎనిమిది నిమిషాలు అని ఏడు రోజుల కాగితం చూపిస్తే "మీరు పల్లంలో ఉన్నారు" అన్న మాట నిలవదు.

సరిచేయడానికి ఖర్చు లేని పని ఒకటుంది: వరస తిప్పడం. వీధుల వాల్వులు మూసి, చివరి కాలనీకి ముందు గంటంపావు వదిలి, ఆ తర్వాతే పైకి రావాలి. ఇది చేయడానికి కాలనీ దారిలో విడి వాల్వు ఉండాలి. లేకపోతే వేయించుకోవడమే మొదటి కోరిక కావాలి. వాల్వు చాంబర్‌కు తాళం పెట్టి, ఒక తాళంచెవి వాటర్‌మన్ దగ్గర, ఒకటి పంచాయతీ ఆఫీసులో ఉంచాలి. వాల్వు చెవి పెద్ద మనిషి ఇంట్లో ఉన్న ఊళ్లో ఏ టైంటేబులూ నడవదు.

రెండోది మోటార్లు. కొళాయికి మోటారు పెడితే పక్కింటి నీళ్లు లాగడమే కాదు, పైపులో ఒత్తిడి సున్నా కన్నా కిందికి పోయి, మురుగు కాలువలో ఉన్న జాయింటు నుంచి ఆ మురుగునూ లోపలికి పీలుస్తుంది. ఇది ఇళ్లవాళ్లకు చెప్పి చూడండి, నీళ్ల న్యాయం కన్నా ఈ మాట త్వరగా ఎక్కుతుంది. మిద్దె ట్యాంకు నింపుకోవాలంటే నేల మీద తొట్టి కట్టుకుని, కొళాయి నీళ్లు అందులో పడనిచ్చి, అక్కడి నుంచి మోటారు పెట్టుకోవచ్చు. అందులో ఎవరికీ నష్టం లేదు. ప్రతి కనెక్షన్‌కూ ఒకే సైజు ఫెర్రూల్ (వీధి పైపు నుంచి ఇంటి పైపు మొదలయ్యే చోటి ముక్క) ఉందో లేదో ఇంజనీరింగ్ అసిస్టెంట్‌తో చూపించండి. కొందరు రాత్రికి రాత్రి పెద్దది వేయించుకుంటారు.

నీళ్లు రావడం లేదని మీ వీధిలో కొళాయి కింద గుంత తవ్వి, పైపు కోసి, నేల మట్టం కన్నా కింద పట్టుకుంటున్నారా? అది మానండి. నీళ్లు ఆగిన వెంటనే గుంతలో నిలిచినవి తిరిగి పైపులోకి పోతాయి.

గ్రామ నీరు, పారిశుధ్య కమిటీలో 10 నుంచి 15 మంది ఉండాలని, అందులో సగం మంది ఆడవాళ్లు ఉండాలని, బలహీన వర్గాలకు చోటుండాలని జల్ జీవన్ మిషన్ నియమం. మీ కాలనీ నుంచి ఎవరున్నారో పంచాయతీ కార్యదర్శిని అడగండి. పేరు మాత్రం ఉండి, ఆ మనిషికే తెలియని సందర్భాలు తక్కువేం కాదు. ఇక పైపు లోపం కాకుండా కులం పేరుతో నీళ్లకు అడ్డం పడితే అది వేరే సంగతి. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. దానికి కమిటీ కాదు, పోలీసు స్టేషన్ దారి.

ప్రశ్న: ఇంటికి నెలకు ఎంత వసూలు చేయాలి? 30 రూపాయలు పెట్టాం. దానికీ సగం మంది ఇవ్వరు. మోటారు కాలితే చందాలు అడుక్కుంటున్నాం.
– నీటి కమిటీ సభ్యుడు, చంద్రగిరి మండలం

జవాబు: 30 రూపాయలు ఎక్కడి నుంచి వచ్చాయి? పక్క ఊళ్లో అంతే ఉందని పెట్టి ఉంటారు. రుసుము ఖర్చులోంచి పుట్టాలి. 150 ఇళ్ల ఊరికి లెక్క ఎలా వేయాలో చూపిస్తాం, అంకెలు మీవి వేసుకోండి. 5 హెచ్.పి. మోటారు గంటకు సుమారు 5 యూనిట్లు తాగుతుంది. రోజుకు ఆరు గంటలైతే నెలకు 900 యూనిట్లు. మీ బిల్లులో యూనిట్ 7 రూపాయలు పడుతోందనుకుంటే 6,300. వాటర్‌మన్‌కు 7,000. బ్లీచింగ్, పరీక్ష మాత్రలకు 500. మరమ్మతులకు, మోటారు మార్చే నిధికి 4,000. మొత్తం 17,800. 150తో భాగిస్తే 119 రూపాయలు. అయిదో వంతు ఇళ్లు ఇవ్వవనుకుంటే, ఇచ్చే 120 ఇళ్ల మీద 148 పడుతుంది.

ఈ లెక్క గ్రామసభలో బోర్డు మీద రాసి చూపించండి. తర్వాత అడగండి: కరెంటు బిల్లు పంచాయతీ భరిస్తుందా? భరిస్తే మిగిలేది 11,500, ఇంటికి 100 రూపాయల లోపు. 2021–26 కాలానికి 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుధ్యానికి సమానంగా ముడిపెట్టింది. అలాంటి ముడిపడ్డ నిధుల్లో నీళ్లకు ఎంత ఉందో కార్యదర్శి దగ్గర లెక్క అడగండి. పంచాయతీ ఎంత, ఇళ్లు ఎంత అన్నది తీర్మానంలో అంకెలతో ఉండాలి.

ఇవ్వనివాళ్లలో మూడు రకాలు. నిజంగా ఇవ్వలేని వాళ్లు కొందరే. ఒంటరి వృద్ధులు, ఆదాయం లేని ఇళ్ల పేర్లు గ్రామసభలో చదివి, తీర్మానంతో మినహాయించండి. కమిటీ సభ్యుడి దయతో మినహాయింపు పొందిన ఇల్లు ఒక్కటున్నా మిగతావాళ్లు ఆపేస్తారు. రెండో రకం, నీళ్లు రాక ఇవ్వని వాళ్లు. వాళ్ల మాట న్యాయం. ముందు నీళ్లిచ్చి తర్వాత అడగండి. మూడో రకం ఊరికే ఇవ్వనివాళ్లు. రెండు నెలల బాకీకి నోటీసు, మూడో నెల ఫెర్రూల్ దగ్గర మూసివేత అని ముందే తీర్మానం ఉండాలి. మొదట మూసేది పెద్ద ఇంటిదైతే మిగతావి మూయాల్సిన అవసరం రాదు. ఇది కఠినంగా అనిపించొచ్చు కానీ ఇది లేకుండా నిలబడ్డ పథకాలు తక్కువ.

వసూలు రోజు కూడా ముఖ్యం. మన జిల్లాల్లో సగం ఇళ్లకు చేతిలో డబ్బు కనపడేది పాల బిల్లు వచ్చినప్పుడు. ఆ మర్నాడే తిరగండి, ఒకటో తారీఖు కాదు.

పాడి మాట వచ్చింది కాబట్టి: పాలిచ్చే ఆవు రోజుకు 60 లీటర్లు, ఎండాకాలం ఇంకా ఎక్కువే తాగుతుంది. అయిదు ఆవులున్న కొట్టం 300 లీటర్లు. నలుగురు మనుషుల ఇంటి లెక్క 220. అంటే క్లోరిన్ వేసిన ఊరి నీళ్లలో పెద్ద వాటా కొట్టాలకు పోతోంది, రుసుము మాత్రం అందరికీ ఒకటే. పశువులకు పాత బోరు నుంచి విడి తొట్టి పెట్టడం మంచిది. వీలుకాకపోతే నాలుగు పశువులు దాటిన ఇళ్లకు వేరే రేటు పెట్టండి. మీటర్లుంటే ఈ తగాదానే ఉండదు. అన్ని ఇళ్లకూ ఒకేసారి కుదరదంటే కొట్టాలున్న ఇళ్లతో మొదలుపెట్టండి.

డబ్బు బ్యాంకు ఖాతాలో, ఇద్దరి సంతకంతో. రసీదు లేకుండా రూపాయి తీసుకోవద్దు. నెలాఖరుకు వచ్చింది, పోయింది, మిగిలింది అని మూడు వరసలు ట్యాంకు కింద గోడ మీద రాయించండి. మరమ్మతు నిధిని విడి ఖాతాలో ఉంచండి, అదే ఖాతాలో ఉంటే జాతర ఖర్చుకు చేబదులు పోతుంది. ఇంకోటి: పైపులు ఎక్కడ పోయాయో, వాల్వులు ఎక్కడున్నాయో గీసిన మ్యాపు కమిటీ దగ్గర ఉందా? చాలా ఊళ్లలో అది వాటర్‌మన్ బుర్రలోనే ఉంటుంది. ఆయన ఉండగానే దారి వెంట నడిచి, గోడల నుంచి అడుగులు కొలిచి గీయించండి.

ప్రశ్న: మా బోరు నీళ్లు పరీక్షిస్తే ఫ్లోరైడ్ 2.2, నైట్రేట్ 80 అని రిపోర్టు వచ్చింది. కాచి తాగితే సరిపోతుందా? ఊరి బయట ఇంకో పాత బోరు ఉంది, దాంట్లో ఫ్లోరైడ్ 0.6.
– ఉపాధ్యాయుడు, చిత్తూరు జిల్లా

జవాబు: కాస్తే క్రిములు చస్తాయి, ఈ రెండూ పోవు. నీళ్లు ఆవిరై ఇంకాస్త చిక్కబడతాయి కూడా. తాగునీటి ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము ఉండొచ్చు, వేరే దారి లేకపోతే 1.5 దాకా. నైట్రేట్‌కు 45 మీద సడలింపు లేదు. పాలపొడి కలిపి పట్టే పసిబిడ్డలకు ఆ నీళ్లు ఈ రోజు నుంచే ఆపించండి.

పాత బోరు ఉండడం మీ అదృష్టం. దాంట్లో నైట్రేట్, క్రిముల పరీక్షలు కూడా చేయించి, బాగుంటే రెండు దారులు. ఒకటి కలపడం: ఫ్లోరైడ్ 2.2 ఉన్న నీళ్లు ఒక వంతు, 0.6 ఉన్నవి మూడు వంతులు కలిపితే సరిగ్గా 1 అవుతుంది. మొదటి బోరు గంటకు 6,000, రెండోది 3,000 లీటర్లు ఇస్తుంటే మొదటిది ఒక గంట, రెండోది ఆరు గంటలు నడపాలి. రెండూ ట్యాంకులో పడ్డాకే ఊరి వాల్వు తిప్పాలి. నైట్రేట్‌కూ ఇదే లెక్క వేసి చూడండి: రెండో బోరులో 30 లోపు ఉంటే మిశ్రమం 45 దాటదు. రెండో దారి ఇంకా తేలిక. పాత బోరును తాగడానికి, వంటకు మాత్రమే కేటాయించి, నాలుగు చోట్ల విడి కొళాయిలు పెట్టడం. మనిషికి 10 లీటర్లు చాలు. 600 మందికి రోజుకు 6,000 లీటర్లు, అంటే రెండు గంటల పంపింగ్.

నైట్రేట్ ఎక్కడి నుంచి వస్తోందో కళ్లతోనే చూడొచ్చు. బోరు చుట్టూ పేడ దిబ్బలు, కొట్టాల మురుగు, మరుగుదొడ్ల ఇంకుడు గుంతలు ఎంత దూరంలో ఉన్నాయి? 30 మీటర్ల లోపల ఉన్నవన్నీ తరలించండి. రాతి పగుళ్ల నేలలో అదీ చాలకపోవచ్చు. కేసింగ్ పైపు నేలకు అర మీటరు ఎత్తున ఉండాలి, చుట్టూ సందు లేకుండా సిమెంటు పోసి, నీళ్లు బయటికి జారే వాలుతో గచ్చు వేయాలి.

మళ్లీ పరీక్షకు పంపేటప్పుడు ఫ్లోరైడ్‌కు ప్లాస్టిక్ సీసా వాడండి. క్రిముల పరీక్షకు ప్రయోగశాల వాళ్లిచ్చే శుద్ధి చేసిన సీసాలోనే పట్టి, ఐసు పెట్టెలో ఆ రోజే అందించండి.

ప్రశ్న: మాది పులికాట్ వైపు ఊరు, నీళ్లు ఉప్పు. ఉప్పు తీసే ఆర్.ఓ. ప్లాంటు పెట్టారు. టి.డి.ఎస్. మీటర్ పెట్టి చూస్తే 90 వస్తోంది. ఇక భయం లేదు కదా? వదిలేసే నీళ్లు ఇంకుడు గుంతలోకి పంపొచ్చా?
– యువజన సంఘం, సూళ్లూరుపేట మండలం

జవాబు: ఆ మీటరు ఉప్పులనే చూపిస్తుంది. క్రిములు చూపదు. 90 చూపించే నీళ్లు కడగని క్యాన్‌లో పడితే చాలు, విరేచనాలు పట్టుకుంటాయి. క్యాన్ల లోపలి పాచిని బ్రష్షుతో తీయడం మీ ప్లాంటులో అన్నిటికన్నా ముఖ్యమైన పని. మీటరుకు అసలు ఉపయోగం వేరే ఉంది: వారానికోసారి లోపలికి వెళ్లే నీళ్లు, బయటికొచ్చేవి రెండూ కొలిచి రాయండి. 1,800 వెళ్లి 90 వస్తున్నది కాస్తా నెలల్లో 250కి చేరితే ఉప్పును వడకట్టే పొర (మెంబ్రేన్) పోతోందని అర్థం.

వదిలేసే నీళ్లు ఇంకుడు గుంతలోకి వద్దే వద్దు. ఉప్పంతా అందులోనే ఉంది, తిరిగి మీ బోరులోకే వస్తుంది. మరుగుదొడ్లకు, బండ్లు కడగడానికి వాడండి.

ప్రశ్న: వాన పడిన మూడో రోజు ఒకే వీధిలో తొమ్మిది మందికి వాంతులు, విరేచనాలు. నీళ్లేనంటారా? పరీక్షకు పంపాం, ఫలితం రాలేదు.
– వార్డు సభ్యురాలు, గంగాధర నెల్లూరు మండలం

జవాబు: ఫలితం కోసం ఆగకండమ్మా. ఒకే వీధి అంటున్నారు కాబట్టి ట్యాంకును కాదు, ఆ వీధి పైపును అనుమానించాలి. ఏ.ఎన్.ఎం.కు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చెప్పి, ఆ వీధి వాల్వు మూసి, ట్యాంకరుతో నీళ్లివ్వండి. అవి కూడా తెర్ల కాచి తాగమనండి. మిగతా ఊరికి చివరి ఇంట్లో క్లోరిన్ 0.5 వచ్చేలా మోతాదు పెంచండి.

తర్వాత ఆ వీధిలో పైపు మురుగు కాలువను దాటే ప్రతి చోటా తవ్వి చూడండి. ఇంటి కనెక్షన్ పైపు కాలువలోంచే వేసి ఉంటారు, క్లాంపు వదులై ఉంటుంది. సరిచేసి, కాలువ దాటే చోట పైపును జి.ఐ. (ఇనుప) తొడుగులో పెట్టి, కాలువ మట్టం కన్నా పైకి తీయించండి. ఆపై లైను కడగాలి: 63 మిల్లీమీటర్ల పైపు 300 మీటర్లుంటే లోపల పట్టేది సుమారు 700 లీటర్లు. 56 గ్రాముల బ్లీచింగ్ తేట కలిపిన నీళ్లతో నింపి, ఎవరూ తిప్పకుండా రాత్రంతా ఉంచి, పొద్దున చివరి కొళాయి నుంచి వాసన తగ్గేదాకా వదిలేయండి. ఇంటింటికీ చెప్పకుండా ఈ పని మొదలుపెట్టొద్దు.

నీళ్ల పరీక్ష కిట్లలో వచ్చే, క్రిములను పట్టించే హెచ్.2ఎస్. సీసా 24 నుంచి 48 గంటల్లో నల్లబడితే నీళ్లు చెడ్డవే. నల్లబడలేదని మాత్రం ధైర్యపడకండి. క్లోరిన్ ఉన్న నీళ్లు పోస్తే అది నల్లబడదు.

ప్రశ్న: కొళాయి నీళ్లు పాలలా తెల్లగా వస్తున్నాయి. బ్లీచింగ్ ఎక్కువైందా?
– పాఠకురాలు, పాకాల మండలం

జవాబు: గాజు గ్లాసులో పట్టి కదపకుండా చూడండి. అడుగు నుంచి పైకి తేటపడితే అది గాలి, హాని లేదు. లైనులో ఎత్తు మీదున్న ఎయిర్ వాల్వు పనిచేయడం లేదని వాటర్‌మన్‌కు చెప్పండి. తెల్లదనం కిందికి దిగి అడుగున పేరుకుంటే సున్నం. బ్లీచింగ్ తేట తీయకుండా పోస్తున్నారు.